అబాలిషనిస్ట్ టీచింగ్ అట, స్కూలు మీటింగులో విన్నాను. ఎవరికైనా తెలుసా?

ఇద్దరు_పిల్లల_తల్లి
నిన్న సాయంత్రం మా పెద్దవాడి మిడిల్ స్కూల్లో పేరెంట్స్ మీటింగ్ జరిగింది. ఊరు పేరు చెప్పను, న్యూజెర్సీ అనుకోండి. మీటింగులో రెండే విషయాలు. ఒకటి, స్కూల్లో తుపాకీ పెట్టుకుని తిరిగే పోలీసాయన్ని వచ్చే ఏడాది నుంచి తీసేసి ఆ డబ్బుతో ఇద్దరు కౌన్సెలర్లను పెట్టుకోవాలని. రెండోది, ఏడో తరగతి లెక్కల్లో హానర్స్, మామూలు అని పిల్లల్ని విడదీయడం ఆపేయాలని. ఒక సోషల్ టీచర్ లేచి "మేం చేయాలనుకునేది అబాలిషనిస్ట్ టీచింగ్" అంది. సగం మంది చప్పట్లు కొట్టారు, మిగతా సగం ఫోన్లు చూసుకున్నారు. నేను చేతిలో పిజ్జా ముక్కతో అలాగే ఉండిపోయాను.

అబాలిషన్ అంటే రద్దే కదా? ఎన్టీఆర్ కరణాలను రద్దు చేసినట్టు వీళ్ళు బడినే రద్దు చేస్తారా? మావాడు హానర్స్ లెక్కల కోసం రెండేళ్ళుగా శనివారాలన్నీ ట్యూషన్‌కే పోతున్నాడు. ఇప్పుడు అందరిదీ ఒకే క్లాసు అంటే వాడి శనివారాలు ఎవరు తిరిగిస్తారు? కోపంలో రాస్తున్నాను, తప్పుంటే చెప్పండి.

కాకినాడ_కాజా
ఎవరూ తిరిగివ్వరు తల్లీ. మా అమ్మ నన్ను హిందీ ప్రాథమిక, మధ్యమ పరీక్షలకి తోలింది. ఆ శనివారాలే నాకింకా రాలేదు.

డల్లాస్_మామ
ఇందులో తెలుసుకోవడానికి ఏమీ లేదు, ఇదంతా రాజకీయం. 1998లో రెండు సూట్‌కేసులతో దిగాం. మనకెవరూ సాయం చేయలేదు. పిల్లలు కష్టపడి చదివారు, పైకొచ్చారు. కష్టపడని వాళ్ళకోసం మన పిల్లల్ని కిందికి లాగడం ఏ న్యాయం? అసలు ఆ [ఒక పదం తీసేశాం, మోడరేటర్] పిల్లల ఇళ్ళల్లో చదవమని చెప్పేవాళ్ళే ఉండరు.

పప్పుచారు
మామా, ఆ రెండు సూట్‌కేసుల్లో ఒకటి పూర్తిగా ఊరగాయే కదా. నిజం చెప్పండి.

మోడరేటర్
నల్లవాళ్ళని ఆ పదంతో పిలిస్తే ఈసారి పోస్టు మొత్తం తీసేస్తాను. మన పార్టీల్లో మామూలుగా వాడేస్తారని తెలుసు. ఇక్కడ కుదరదు.

డల్లాస్_మామ
సరే. అలవాటులో వచ్చింది. మిగతా మాట మీద మాత్రం నిలబడతాను.

సుద్దముక్క
పదిహేనేళ్ళుగా ఇక్కడ ప్రభుత్వ స్కూల్లో లెక్కలు చెబుతున్నాను. కర్నూలు నుంచి టీచర్ల ఎక్స్ఛేంజ్ వీసా మీద వచ్చి ఉండిపోయాను. మా స్కూల్లో పదిమందిలో తొమ్మిదిమంది నల్లపిల్లలే. అందుకని కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

భయపడకండి, బడికేమీ కాదు. ఆ పేరు బానిసత్వాన్ని రద్దు చేయమని పోరాడినవాళ్ళ దగ్గర్నుంచి వచ్చింది. బెటినా లవ్ అనే ప్రొఫెసర్ 2019 నుంచి ఆ మాటని టీచర్ల మధ్యకి తెచ్చారు. ఈ దేశంలో నల్లవాళ్ళకి చదువు చెప్పడమే ఒకప్పుడు నేరం. సౌత్ కరొలినాలో 1740లోనే, బానిసకి రాయడం నేర్పితే వంద పౌన్ల జరిమానా అని చట్టం చేశారు. 1831లో నాట్ టర్నర్ అనే బానిస నడిపిన తిరుగుబాటు జరిగాక దక్షిణాదిలో ఇలాంటి చట్టాలు ఇంకా బిగిశాయి. బానిసగా పుట్టి, పెద్దయ్యాక బానిసత్వం మీద పోరాడిన ఫ్రెడరిక్ డగ్లస్ చిన్నప్పుడు యజమాని భార్య ముచ్చటపడి అక్షరాలు దిద్దిస్తుంటే భర్త ఆపించాడు, చదువొస్తే వీడిక బానిసగా పనికిరాడని. ఆ పిల్లవాడు జేబులో రొట్టె ముక్కలు పెట్టుకుని వీధిలోకెళ్ళి, ఆకలితో ఉన్న తెల్లపిల్లలకి అవి పెట్టి పాఠం చెప్పించుకున్నాడు. డల్లాస్ మామగారూ, "ఆ ఇళ్ళల్లో చదవమని చెప్పేవాళ్ళు ఉండరు" అన్నారు చూడండి, రొట్టె ఇచ్చి చదువు కొనుక్కున్న వాళ్ళ మునిమనవల గురించి అన్నారు ఆ మాట.

ఇక ఇప్పుడు రద్దు చేయమంటున్నది ఏమిటంటే, స్కూలుకీ జైలుకీ మధ్య పడిన దారిని, అంటే చిన్న తప్పులకే పిల్లల్ని బడి బయటికి, పోలీసుల చేతికి నెట్టే పద్ధతిని. 1994లో ఒక ఫెడరల్ చట్టం వచ్చింది, స్కూలుకి తుపాకీ తెస్తే ఏడాదిపాటు బయటే ఉంచాలని. దాన్ని ఎవరూ కాదనరు. కానీ దాని వెనకే జీరో టాలరెన్స్ అని మొదలుపెట్టి, నోరు జారినా, ఆలస్యంగా వచ్చినా ఇంటికి పంపడం అలవాటు చేశారు. 2017-18 ఫెడరల్ లెక్కల ప్రకారం ప్రభుత్వ స్కూళ్ళలో నల్లపిల్లలు 15 శాతం. సస్పెండై ఇంట్లో కూర్చున్నవాళ్ళలో వాళ్ళు 38 శాతం. ప్రీస్కూల్లో అయితే పిల్లల్లో 18 శాతం, సస్పెన్షన్లలో 43. ప్రీస్కూల్ అంటే నాలుగేళ్ళ పిల్లలండీ. చెప్పులు కుడి ఎడమ తెలియని వయసు.

తప్పు చేసిన పిల్లల్ని ఆఫీసుకి పంపేటప్పుడు నింపే మా రెఫరల్ ఫారం మీద గడులుంటాయి. కొట్లాట, దొంగతనం, ఫోన్. ఇవన్నీ కంటికి కనబడేవి. ఇంకో గడి పేరు "డిఫయన్స్", ఎదురు తిరగడం. అది కంటికి కనబడదు, టీచర్ మనసుకి తట్టాలి. ఉద్యోగంలో చేరిన మొదటి మూడేళ్ళ ఫారాలు ఓసారి తీసి చూసుకున్నాను. నేను ఎక్కువసార్లు టిక్ పెట్టింది ఆ గడిలోనే. నాకు వాళ్ళ ఇంగ్లీషు యాస అర్థంకాక, నవ్వితే నన్ను చూసే నవ్వారనుకుని పెట్టినవి కూడా ఉన్నాయి.

కరణాల మాట మీరే ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. 1984లో కరణాలు పోతే ఊళ్ళో పొలాలు ఎక్కడికీ పోలేదు. మరుసటి ఏడాది మండలాలొచ్చాయి.

పప్పుచారు
మండలాఫీసు చుట్టూ పాస్‌బుక్కు కోసం ఎనిమిది నెలలు తిరిగినవాడిగా చెబుతున్నా. కరణంగారైతే ఒక్కరే తినేవారు.

సుద్దముక్క
@పప్పుచారు ఆ భయం నాకూ ఉంది. తీసేయడం తేలికే, ఆ చోట ఏం కూర్చుంటుందన్నదే పేచీ.

ఇద్దరు_పిల్లల_తల్లి
టీచర్ గారూ, థాంక్సండీ. ప్రీస్కూల్ అంకె చూసి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. కానీ నా ప్రశ్న ఇంకా అలాగే ఉంది. హానర్స్ తీసేస్తే మావాడి సంగతేంటి?

మెయిన్‌ఫ్రేమ్_మూర్తి
రెండు విషయాలు. 15, 38 అంకెలు సరైనవే, కానీ వాటిని బట్టి వివక్ష అని తేల్చలేం. పిల్లల ప్రవర్తనలోనే తేడా ఉంటే? పేదరికం, ఇంటి గొడవలు, అవన్నీ అంకె వెనక దాక్కుంటాయి.

రెండోది, సస్పెన్షన్ బదులు అందరూ గుండ్రంగా కూర్చుని మాట్లాడుకునే పద్ధతిని, అదే రెస్టొరేటివ్ జస్టిస్‌ని, పిట్స్‌బర్గ్ స్కూళ్ళలో పెట్టి చూశారు. ర్యాండ్ సంస్థ 2018లో ఫలితాలు ఇచ్చింది. సస్పెన్షన్లు తగ్గాయి, నలుపు తెలుపు తేడా కూడా కొంత తగ్గింది. కానీ ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లల మార్కులు పడిపోయాయి. ఇది కూడా చెప్పాలి కదా?

సుద్దముక్క
చెప్పాలి. మా స్కూల్లోనూ మొదటి ఏడాది అంతా గందరగోళమే. రెండు రోజుల ట్రైనింగ్ ఇచ్చి చేతులు దులుపుకున్నారు. సస్పెన్షన్ ఆపేశారు, దాని బదులు పని చేయాల్సిన కౌన్సెలర్‌ని మాత్రం ఇవ్వలేదు. పాత పోస్టులో పప్పుచారు గారన్న మండలాఫీసు అదే.

మీ మొదటి ప్రశ్నకి కూడా సమాధానం ఉంది. స్టాన్‌ఫర్డ్ వాళ్ళు 2015లో ఒక ప్రయోగం బయటపెట్టారు. టీచర్ల చేతికి ఒక పిల్లవాడి తప్పుల కాగితం ఇచ్చారు. కాగితం ఒకటే, పైన పేరు మాత్రం కొందరికి నల్లవాళ్ళు పెట్టుకునే పేరు, కొందరికి తెల్లవాళ్ళ పేరు. మొదటి తప్పు దగ్గర పెద్ద తేడా రాలేదు. రెండో తప్పు దగ్గరకొచ్చేసరికి నల్లపేరుంటే "వీడింతే, గట్టిగా శిక్షించాలి" అన్నవాళ్ళు పెరిగారు. అక్కడ ప్రవర్తన ఒకటే మూర్తిగారూ, కాగితమే ఒకటి.

మెయిన్‌ఫ్రేమ్_మూర్తి
అది చదవలేదు. చదివి వస్తాను.

కాకినాడ_కాజా
మూర్తిగారు చదివి వస్తాననడం ఈ చర్చల చరిత్రలో మొదటిసారి. స్క్రీన్‌షాట్ తీసుకున్నా.

నల్లరేగడి
నేను మామూలుగా ఇక్కడ చదివి వెళ్ళిపోతాను, రాయను. డల్లాస్ మామగారి "మనకెవరూ సాయం చేయలేదు" చదివాక ఊరుకోలేకపోయాను. ఆ "మనం"లో నేను లేను.

పల్నాడులో ఒక పల్లె. 1986, 87 సంగతి. గోడకుర్చీ అందరికీ ఉండేది, బెత్తం అందరికీ ఉండేది, నిజమే. కానీ మిగతా పిల్లల్ని సారు పేరు పెట్టి పిలిచేవారు, మా వాడ పిల్లల్ని వాడ పేరుతోనే. హాజరు పట్టీలో నాకు పేరుంది, ఆయన నోట్లో లేదు. కుండ దగ్గర మేం దోసిలి పట్టాలి, ఎవరైనా పైనుంచి పోయాలి. పోసేవాడు ఆటకి వెళ్ళిపోతే దాహంతో ఇంటిదాకా నడవాలి. ఒకరోజు గ్లాసు ముట్టుకున్నాను. సారు కొట్టలేదు. "వారం రోజులు రావద్దు, మీ నాన్నని తీసుకురా" అన్నారు. నాన్న కూలికెళ్ళేవాడు, వస్తే కూలి పోతుంది. పన్నెండు రోజులు బడి మానేశాను. అప్పుడు దాన్ని సస్పెన్షన్ అంటారని తెలీదు.

వీళ్ళ కథకీ మన కథకీ సంబంధం నేను కలపడం లేదు, ఎప్పుడో కలిసింది. 1848లో పుణెలో ఆడపిల్లల బడి పెట్టిన జోతిరావు ఫూలే 1873లో గులాంగిరీ రాసి దాన్ని అమెరికాలో బానిసత్వం రద్దుకోసం పాటుపడ్డ మనుషులకి అంకితం ఇచ్చాడు. అబాలిషన్ మన దగ్గరికి ఇవాళ స్కూలు మీటింగులో రాలేదు, నూట యాభై ఏళ్ళ కిందటే వచ్చింది. 1946లో అంబేడ్కర్ అమెరికా నల్లవాళ్ళ నాయకుడు డుబోయ్స్‌కి ఉత్తరం రాసి, నల్లవాళ్ళు ఐక్యరాజ్యసమితికి పెడుతున్న అర్జీ కాపీలు పంపమని అడిగాడు. మన హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ గత శతాబ్దం మొదట్లోనే దళిత పిల్లల కోసం బడులు నడిపాడు. ఎవరూ ఇవ్వకపోతే సొంతంగా పెట్టుకున్న బడులవి.

తార్నాక_తమ్ముడు
అన్నా, గౌరవంగా చెబుతున్నా, ఈ పోస్టు సేవ్ చేసుకున్నాను.

జనరేషన్2
నేను ఇక్కడే పుట్టాను, కాలేజీ మూడో సంవత్సరం. నేను చెబుతుంటే అమ్మ టైప్ చేస్తోంది, మధ్యలో "ఇది రాయను" అని పేచీ పెడుతోంది.

డల్లాస్ అంకుల్, 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులు తెల్లవాళ్ళు కారు కాబట్టి పౌరసత్వం లేదంది. అప్పటికే పౌరసత్వం వచ్చిన మనవాళ్ళలో కొందరికి వెనక్కి తీసుకున్నారు కూడా. మీరు 1998లో రెండు సూట్‌కేసులతో దిగగలిగారంటే 1965లో వచ్చిన ఇమిగ్రేషన్ చట్టం వల్ల. 1964లో పౌరహక్కుల చట్టం వచ్చింది, 1965లోనే ఓటుహక్కు చట్టం. వీధుల్లో కుక్కల చేత కరిపించుకున్నది నల్లపిల్లలు. తలుపు తెరుచుకున్నాక వచ్చినవాళ్ళం మనం. సాయం చేశారు, మనకి చెప్పలేదంతే.

(అమ్మ: చివరి మాట వాడిదే, నాది కాదు. నేను టైపిస్టుని మాత్రమే.)

పప్పుచారు
టైపిస్టమ్మకి నమస్కారం.

డల్లాస్_మామ
బాబూ, నీ వయసులో నేనూ ఇలాగే మాట్లాడేవాణ్ని, ఎర్రజెండా కూడా పట్టుకున్నాను. @నల్లరేగడి గారూ, ఆ కుండ సంగతి మా ఊళ్ళోనూ ఉండేది. నేను పోసేవాడి వైపున ఉన్నాను. అంతకంటే ఇక్కడ రాయలేను.

కానీ పోలీసు విషయంలో నేను మారను. నా మనవరాలు రెండో తరగతి. రోజూ పొద్దున బస్సెక్కుతుంటే టెన్షన్. డెన్వర్‌లో పోలీసుల్ని స్కూళ్ళ నుంచి పంపేయాలని 2020లో స్కూలు బోర్డు తీర్మానించింది, మరుసటి ఏడాదికల్లా పంపేశారు. 2023 మార్చిలో ఈస్ట్ హైస్కూల్లో ఒక విద్యార్థి ఇద్దరు డీన్‌ల మీద కాల్పులు జరిపాడు. జూన్‌కల్లా బోర్డే ఓటేసి పోలీసుల్ని మళ్ళీ తెచ్చుకుంది. రద్దు అన్నవాళ్ళే వెనక్కి తిరిగారు. దీనికేమంటారు?

తార్నాక_తమ్ముడు
యువాల్డే అంటాను. మీ టెక్సస్‌లోనే మామా, 2022లో స్కూల్లో కాల్పులు. 376 మంది పోలీసులొచ్చినా 77 నిమిషాలు ఆ గదిలోకి వెళ్ళలేదు. పంతొమ్మిది మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు పోయారు.

డల్లాస్_మామ
ఆ పేరు ఎత్తకు తమ్ముడూ. మా ఇంట్లో టీవీ ఆపేశాం ఆ వారం.

సుద్దముక్క
మామగారి భయం నిజమైనది, దాన్ని కొట్టిపారేయను. నాకూ ఏడాదికి రెండుసార్లు లాక్‌డౌన్ డ్రిల్ ఉంటుంది. లైట్లార్పి, పిల్లల్ని మూలకి చేర్చి నేను తలుపు పక్క నిలబడాలి. కానీ మిగతా రోజులు ఆ పోలీసు ఏం చేస్తాడన్నది కూడా చూడాలి కదా. తుపాకీతో వచ్చేవాడి కోసం పెట్టిన మనిషిని, ఫోన్ ఇవ్వనన్న పిల్ల కోసం పిలుస్తారు. సౌత్ కరొలినాలో 2015లో జరిగింది అదే. క్లాసులో ఫోన్ దగ్గర గొడవై, పోలీసు వచ్చి ఆ అమ్మాయిని కుర్చీతో సహా వెనక్కి పడేసి ఈడ్చాడు. "బడిలో అలజడి" అనే చట్టం కింద కేసు. వీడియో తీస్తూ అరిచిన తోటి అమ్మాయిని కూడా అరెస్టు చేశారు. మన పిల్లలు నోరెత్తితే గోడకుర్చీ, వీళ్ళ పిల్లలు నోరెత్తితే బేడీలు.

కాలిఫోర్నియాలో ఓక్లండ్ స్కూళ్ళకైతే సొంత పోలీసు శాఖే ఉండేది. అక్కడి నల్లజాతి తల్లిదండ్రులు దాదాపు పదేళ్ళు పట్టువదలకుండా అడిగారు. 2020 జూన్‌లో బోర్డు దాన్ని మూసేస్తూ, పోలీసు చేతిలో చనిపోయిన జార్జ్ ఫ్లాయిడ్ పేరు మీద తీర్మానం చేసింది.

డల్లాస్_మామ
టీచర్లు పాఠం చెప్పాలి, తీర్మానాలూ ఉద్యమాలూ వాళ్ళకెందుకు అన్నదే నా ప్రశ్న.

సుద్దముక్క
సెప్టిమా క్లార్క్‌కి కూడా ఇదే చెప్పారండీ. చార్లెస్టన్‌లో నలభై ఏళ్ళ సర్వీసున్న టీచర్. నల్లవాళ్ళ హక్కుల సంఘంలో సభ్యత్వం వదులుకోనన్నందుకు 1956లో ఉద్యోగం తీసేశారు, పెన్షనూ పోయింది. ఆవిడ ఊరుకోలేదు. అప్పట్లో ఓటు కావాలంటే చదివి చూపించాలి. 1957లో జాన్స్ ఐలండ్‌లో పెద్దవాళ్ళకి రాత్రిబడి మొదలైంది. ముందు గదిలో సరుకుల కొట్టు పెట్టారు, తెల్లవాళ్ళకి అనుమానం రాకుండా. వెనక గదిలో బడి. చెప్పిన టీచర్ బర్నీస్ రాబిన్సన్ బ్యూటీషియన్. కావాలనే టీచర్ కాని మనిషిని పెట్టారు, గద్దించడం అలవాటు లేనివాళ్ళు కావాలని. మొదటి రోజే "మీకేం నేర్చుకోవాలనుంది" అని అడిగిందట. సంతకం పెట్టడం, మనియార్డర్ ఫారం నింపడం, బైబిల్ చదవడం అన్నారు వాళ్ళు. అదే సిలబస్.

నన్నడిగితే అబాలిషనిస్ట్ టీచింగ్ అంటే అది. ఆ కొత్త పేరు మీద నాకేమీ మోజు లేదు.

కాన్సస్_కోడలు
మేం టొపీకాలో ఉంటాం. నల్లపిల్లల్నీ తెల్లపిల్లల్నీ వేరు బడుల్లో పెట్టడం చెల్లదన్న 1954 బ్రౌన్ తీర్పుకి దారితీసిన కేసు మొదలైన ఊరు. ఆ కేసు వేసినాయన కూతురు లిండా బ్రౌన్ చదివిన మన్రో స్కూల్ ఇప్పుడు మ్యూజియం, ఇండియా నుంచి ఎవరొచ్చినా తీసుకెళ్తాను (చూడ్డానికి ఇంకేం లేదు మా ఊళ్ళో, నవ్వకండి). ఇంటి దగ్గర తెల్లపిల్లల బడి ఉంటే దాన్ని వదిలేసి ఆ పిల్ల రైలు పట్టాల పక్కన నడిచి, బస్సెక్కి అంత దూరం వెళ్ళేది.

నేను అనుకునేదాన్ని, మన్రో బడి బాగాలేదు కాబట్టి కేసు వేశారని. తప్పు. బడి మంచిదే, టీచర్లు బాగా చదువుకున్న నల్లవాళ్ళు. నచ్చనిది విడదీయడమే. తీర్పు తర్వాత ఏం జరిగిందంటే, దక్షిణాదిలో చాలాచోట్ల నల్లబడుల్నే మూసేశారు, పిల్లల్ని తెల్లబడులకి పంపారు, టీచర్లని ఇంటికి పంపారు. పదిహేడు రాష్ట్రాల్లో 38 వేలమంది నల్ల టీచర్లు, ప్రిన్సిపాళ్ళ ఉద్యోగాలు పోయాయని ఒక అంచనా. ఇవాళ్టికీ టీచర్లలో నల్లవాళ్ళు నూటికి ఆరేడుగురే. అంటే తీర్పు చెప్పింది ఒకదాన్ని రద్దు చేయమని, వీళ్ళు రద్దు చేసింది ఇంకోదాన్ని.

వర్జీనియాలో ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ వాళ్ళైతే కలిపి చదివించడం ఇష్టంలేక 1959 నుంచి 1964 దాకా ప్రభుత్వ స్కూళ్ళన్నీ మూసేశారు. ఐదేళ్ళు. తెల్లపిల్లలకి ప్రైవేటు బడి పెట్టుకున్నారు. "బడి రద్దు చేస్తారా" అని మొదటి పోస్టులో అడిగారు కదా, చేసినవాళ్ళు ఉన్నారు, కానీ ఇటువైపు వాళ్ళు కారు.

కాకినాడ_కాజా
ఈ ఆఖరి వాక్యానికి కాకినాడ కాజా ఒకటి పార్సిల్.

ఇద్దరు_పిల్లల_తల్లి
హానర్స్ గురించి ఎవరూ మాట్లాడట్లేదు.

తార్నాక_తమ్ముడు
అక్కా, నేను ఇంటర్ ఒక కార్పొరేట్ కాలేజీలో చదివా. పేరొద్దు. మొదటి రోజు టెస్ట్ పెట్టి బ్యాచులు చేశారు. పై బ్యాచుకి ఏసీ గది, మంచి లెక్చరర్లు. మా బ్యాచుకి రేకుల షెడ్డు, నిన్నగాక మొన్న డిగ్రీ పాసైన సారు. ఫీజు మాత్రం మాదే ఎక్కువ, వాళ్ళకి రాయితీ. పేపర్లో ఫొటోలు వాళ్ళవి. రెండేళ్ళు అదే వరండాలో నడుస్తూ వాళ్ళ గది తలుపు సందులోంచి చల్లగాలి తగిలితే ఒక్క క్షణం ఆగేవాణ్ని. ఇప్పుడు ఉద్యోగం బాగానే ఉంది కానీ "నాకు లెక్కలు రావు" అన్న మాట ఇంకా లోపలే ఉంది. విడదీస్తే కింద పడ్డవాడికి ఏమవుతుందో ఎవరూ లెక్కపెట్టరు.

మెయిన్‌ఫ్రేమ్_మూర్తి
స్టాన్‌ఫర్డ్‌ది చదివాను. సుద్దముక్క గారు చెప్పింది కరెక్టే. ఆ విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

హానర్స్ విషయంలో తీసుకోను. శాన్‌ఫ్రాన్సిస్కో 2014లో ఎనిమిదో తరగతి నుంచి ఆల్జీబ్రా తీసేసింది, సమానత్వం పేరుతోనే. డబ్బున్నవాళ్ళు బయట కోర్సులు కొనుక్కున్నారు, లేనివాళ్ళ పిల్లలు ఆగిపోయారు. 2024లో బోర్డే మళ్ళీ తేవాలని తీర్మానించింది. ఏసీ గది తీసేస్తే తమ్ముడి షెడ్డుకి ఏసీ రాదు.

సుద్దముక్క
లెక్కల టీచర్‌గా ఇందులో నేను మూర్తిగారి వైపే. ఆల్జీబ్రాని తీసేయడం కాదు చేయాల్సింది, ఇంకా ఎక్కువమందికి ఇవ్వడం. మసాచుసెట్స్‌లో తన కూతురి బడిలో ఆల్జీబ్రా చెప్పడం లేదనే బాబ్ మోజెస్ 1980ల్లో ఆల్జీబ్రా ప్రాజెక్ట్ మొదలుపెట్టాడు. 1964లో మిసిసిపీలో నల్లవాళ్ళ ఓట్ల కోసం ప్రాణాలకి తెగించి తిరిగినాయనే. ఆయన దృష్టిలో ఆల్జీబ్రా కూడా ఓటుహక్కులాంటిదే. మీటింగులో మళ్ళీ చర్చకి వస్తే ఇది అడగండి: హానర్స్ పరీక్ష ఎవరెవరికి పెడుతున్నారు? అందరికా, లేక టీచర్ పేరు రాసినవాళ్ళకేనా?

నల్లరేగడి
టీచర్ పేరు రాసినవాళ్ళకే అయితే, మళ్ళీ సారు నోట్లో ఎవరి పేరుంటే వాళ్ళకే.

ఇద్దరు_పిల్లల_తల్లి
రాత్రంతా ఈ చర్చ చదివాను. మీ అందరికీ ఒకటి చెప్పలేదు, ఇప్పుడు చెబుతాను.

మూడు వారాల కిందట మావాడూ వాడి ఫ్రెండూ లంచ్‌లో కెచప్ ప్యాకెట్లు నేలమీద పెట్టి తొక్కి పేల్చారు. పక్క అమ్మాయి తెల్లబూట్ల మీద పడింది. ఇద్దరూ తొక్కారు, మావాడే మొదలుపెట్టాడట. నాకు స్కూలు నుంచి నాలుగు లైన్ల ఈమెయిల్, మావాడికి ఒకరోజు లంచ్ డిటెన్షన్. ఫ్రెండు నల్లపిల్లవాడు. వాడికి మూడు రోజుల సస్పెన్షన్. ఎందుకు అంత తేడా అని మావాణ్ని అడిగితే "వాడు ఎదురు మాట్లాడాడు" అన్నాడు. ఏమన్నాడురా అంటే, "మేమిద్దరం చేశాం కదా, నన్నొక్కణ్నే ఎందుకు ఆఫీసుకి పంపిస్తున్నారు" అన్నాడట. అంతే. సుద్దముక్క గారు రాసిన ఆ గడి చదివినప్పట్నుంచి కడుపులో ఏదోలా ఉంది.

నేనేం చేశానో తెలుసా? హమ్మయ్య అనుకున్నాను. తర్వాత మావాడితో "ఆ పిల్లవాడితో తిరగొద్దు" అన్నాను. అప్పట్నుంచి వాడు నాతో పొడిపొడిగా మాట్లాడుతున్నాడు. నేను అది హానర్స్ టెన్షన్ అనుకుంటున్నాను ఇన్నాళ్ళూ.

పప్పుచారు
ఈసారి జోకేమీ లేదు.

సుద్దముక్క
తప్పు మీది కాదని అబద్ధం చెప్పను. కానీ చేయగలిగింది ఉంది. ప్రిన్సిపాల్‌కి రాతపూర్వకంగా పెట్టండి: మావాడూ అదే పని చేశాడు, మొదలుపెట్టింది వాడే, శిక్షలో తేడా ఎందుకు, ఆ పిల్లవాడి రికార్డు సరిచేయండి అని. నోటిమాట పనికిరాదు, రాత కావాలి. దానికంటే ముందు ఆ పిల్లవాడి అమ్మతో మాట్లాడండి. ఆవిడకి తెలియకుండా ఆవిడ కొడుకు గురించి రాయకూడదు.

డల్లాస్_మామ
అమ్మా, ఆలోచించి చెయ్యి. "అవును, అదే తప్పు" అని నువ్వే రాసిస్తే వాళ్ళు న్యాయం పేరుతో మీవాడికీ మూడు రోజులు వేస్తారు. రికార్డులో పడితే హానర్స్ సంగతి కూడా చూసుకోవాలి.

నల్లరేగడి
పడితే పడనివ్వండి అని నేను అనలేను, నా కొడుకు కాదు కాబట్టి. కానీ ఆ పన్నెండు రోజుల్లో నాకోసం ఒక్క పెద్దమనిషి బడికి వెళ్ళి అడుగుతాడేమోనని రోజూ వీధిలోకి చూసేవాణ్ని.

కాన్సస్_కోడలు
🙏

ఇద్దరు_పిల్లల_తల్లి
రెండు రోజుల తర్వాత వచ్చి రాస్తున్నాను.

ముందు మావాడిని అడిగాను, రాయనా అని. "నీకూ శిక్ష పడొచ్చు" అని చెప్పాను. "పడాలి కదా అమ్మా" అన్నాడు. తర్వాత ఆ పిల్లవాడి అమ్మకి ఫోన్ చేశాను. ఆసుపత్రిలో నైట్ షిఫ్టులు చేస్తారట. ఆ మూడు రోజులూ పగలు పిల్లవాడి దగ్గర మేలుకుని, రాత్రి డ్యూటీకి వెళ్ళలేక రెండు షిఫ్టులు వదులుకున్నారు. సస్పెన్షన్‌లో ఉన్నప్పుడే లెక్కల టెస్ట్ అయిపోయింది, సున్నా వేశారు. అది హానర్స్‌కి పేర్లు పంపే టెస్టట. ఆ సంగతి నాకు ఆవిడ చెబితేనే తెలిసింది. నేను సారీ చెబితే "ఇప్పుడైనా చేశారు" అన్నారు. గొంతులో మెత్తదనమేమీ లేదు, ఎందుకుండాలి.

ఈమెయిల్ పంపాం, ఇద్దరి పేర్లతో. శుక్రవారం పదింటికి రమ్మన్నారు. ఆవిడా నేనూ కలిసి వెళ్తున్నాం.

మెయిన్‌ఫ్రేమ్_మూర్తి
ఈ ఏడాది స్కూల్లో "డిఫయన్స్" కింద ఎన్ని రెఫరల్స్ పడ్డాయో, ఎవరెవరి మీదో పేర్లు లేకుండా లెక్క అడగండి. ఇస్తే నాకు పంపండి, పట్టిక వేసి పెడతాను.

సుద్దముక్క
ఆ టెస్ట్ మళ్ళీ పెట్టమని కూడా అడగండి. మర్చిపోకండి, అసలు నష్టం అక్కడుంది.

డల్లాస్_మామ
ఆ నాలుగు లైన్ల ఈమెయిలూ, ఆవిడకి వచ్చిన సస్పెన్షన్ లెటరూ రెండూ ప్రింట్ తీసి పక్కపక్కన పెట్టి తీసుకెళ్ళు అమ్మా. తేదీలు కనబడేలా. ఫోన్లో చూపిస్తే ఎవరూ చూడరు.